డాబా వేడి తగ్గించాలంటే: ముందు తడి ఆపండి, తర్వాత తెలుపు వేయండి

ఉత్తరాంధ్రలో బొబ్బిలి, పాలకొండ, టెక్కలి వంటి ఊళ్లలో మే నెలలో అర్ధరాత్రి దాటినా పడకగది ఉడికిపోతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు పగలంతా ఎండ తాగి, ఆ వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. ఖర్చు పెట్టాల్సింది ఆ స్లాబు పైభాగం మీదే. కింద ఫాల్స్ సీలింగ్ కొడితే గదికి కాస్త ఉపశమనం దొరుకుతుంది గానీ స్లాబు అలాగే కాలుతుంది, పైన కారితే కంటికి కనబడదు కూడా.

మన జిల్లాల్లో వానలు ఎక్కువ, తీరం వైపు ఉప్పుగాలి. అందుకే తడి సంగతి తేల్చకుండా రంగు వేస్తే డబ్బు వృథా. ముందు పాచిని ఇనుప బ్రష్షుతో గీకి కడగండి. వెంట్రుకవాసి పగుళ్లను కొద్దిగా వెడల్పు చేసి, దుమ్ము ఊది, క్రాక్ ఫిల్లరుతో నింపండి. నీళ్లు ఎక్కువగా దిగేది పిట్టగోడ స్లాబుతో కలిసే మూలలో, వాననీళ్లు దిగే డౌన్ పైపు నోటి దగ్గర. ఆ మూల పొడవునా సిమెంటు గచ్చు ఏటవాలుగా కట్టించండి. బకెట్ నీళ్లు పోసి చూడండి. ఎక్కడైనా నిలిస్తే వాలు సరిచేశాకే రంగు.

స్లాబు ఆరిందో లేదో చేత్తో తాకి చెప్పలేం. రెండడుగుల పాలిథిన్ ముక్కను నాలుగువైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే దాని అడుగున చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి. తడి మీద వేసిన పూత బుడగలెత్తి పెచ్చులుగా లేస్తుంది. ఫిబ్రవరి చివర, మార్చి ఈ పనికి మంచి సమయం. మంచు ఆరాక మొదలుపెట్టి, స్లాబు కాలకముందే ఆపేయండి.

చౌకైన దారి సున్నం. కిలో రాతిసున్నానికి 5 లీటర్ల నీళ్లు పోసి, 24 గంటలు నాననిచ్చి, గుడ్డతో వడకట్టండి. ప్రతి 10 లీటర్లకు 40 గ్రాముల జిగురు వేడినీళ్లలో కరిగించి కలపండి. మూడు పూతలు వేయాలి. సున్నం తడుపుతున్నప్పుడు సలసలా ఉడుకుతుంది, కళ్లద్దాలూ గ్లౌజులూ లేకుండా దగ్గరికి వెళ్లొద్దు. ఒక్క వానాకాలానికే కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాల్సిందే.

ఎండను వెనక్కి కొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు అయితే లెక్క ఇలా వేసుకోండి. 30 అడుగులు, 33 అడుగుల డాబా అంటే 990 చదరపు అడుగులు. పిట్టగోడ లోపలివైపు అడుగు ఎత్తు కలిపితే ఇంకో 126. లీటరు పెయింటు రెండు పూతలకు 20 నుంచి 25 చదరపు అడుగులే వస్తుంది. అంటే 45 నుంచి 56 లీటర్లు, మూడు 20 లీటర్ల బకెట్లు. ఒక్క బకెట్‌తో ముగిస్తానన్న మేస్త్రీ నీళ్లు కలుపుతున్నట్టే. రేటు మాట్లాడేటప్పుడు చదరపు అడుగు ధరతో పాటు ఎన్ని లీటర్లు వాడతారో కాగితం మీద రాయించుకోండి. పెయింటుకు 18 శాతం జీఎస్టీ ఉంటుంది, బిల్లు అడగండి. ఎర్ర, బూడిద రంగు వాటర్‌ప్రూఫింగ్ కోటింగులు నీళ్లు ఆపుతాయి గానీ ఎండను మింగేస్తాయి. తెలుపే అడగండి.

వేడి తగ్గుతుందని పాతబడిన స్లాబు మీద మూడంగుళాల ఇటుకముక్కల గచ్చు వేయించే ముందు ఇంజినీరుకు చూపించండి. ఆ గచ్చు చదరపు మీటరుకు సుమారు 140 కిలోల బరువు.

రంగు, గచ్చు, తెల్ల టైల్స్‌కు ప్లాన్ అనుమతి అక్కర్లేదు. డాబాపై గది కడితే మాత్రం మున్సిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి తప్పనిసరి. స్తంభాలు లేపి రేకులు వేసే ఆలోచన ఉన్నా ముందే పట్టణంలో వార్డు ప్లానింగ్ కార్యదర్శిని, పల్లెలో పంచాయతీ కార్యదర్శిని అడగండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు చూసిన జిల్లాలివి. రేకును పట్టి ఉంచే జె-హుక్కులు, వాషర్లు సరిగా బిగించని రేకు పక్కింటివాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. పాత సిమెంటు రేకులున్న ఇంట్లో వాటిని గీకొద్దు, కోయొద్దు. ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రుద్దకుండా మెల్లగా నీళ్లతో కడిగి తెల్ల రంగు వేస్తే చాలు.

రాయితీ కావాలంటే సోలార్ వైపు చూడండి. పలకలు కరెంటుతో పాటు స్లాబుకు నీడా ఇస్తాయి. ఇళ్లపై సోలార్‌కు సాయమిచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా ఆపైన 78,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి. కరెంటు కనెక్షన్ దరఖాస్తుదారు పేరిట ఉండాలి. తండ్రి పేరే ఉండిపోతే ముందు మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌లో పేరు మార్పించండి. పథకం పోర్టల్‌లో నమోదైన వెండరునే ఎంచుకోండి, పలకలు దేశంలో తయారైనవే కావాలి, లేకపోతే సబ్సిడీ రాదు. పని పూర్తయి, మీరు వాడిన కరెంటూ, బయటికి పంపిన కరెంటూ లెక్కించే నెట్ మీటరు బిగించి, తనిఖీ ముగిశాకే డబ్బు మీ ఖాతాలో పడుతుంది. అందాకా ఆ మొత్తం మీరే సర్దుకోవాలి, లేదా బ్యాంకు రుణం తీసుకోవాలి.

తెల్లపూత ముందు, పలకలు తర్వాత. స్టాండ్ల కింద కాంక్రీటు దిమ్మెలు పోయించండి. స్లాబుకు బోల్టు రంధ్రం పడితే ప్రతి రంధ్రమూ కారే ప్రమాదం ఉంటుంది. ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు, గాల్వనైజ్డ్ స్టాండే అడగండి. పూత మీద పేరుకున్న పాచిని ఏటా ఫిబ్రవరిలో కడిగేయండి. నల్లబడిన తెలుపు ఎండను వెనక్కి కొట్టదు.