రాక్ ఆల్బమ్‌లో పాట ఎవరిది? వాటాలు తేల్చుకునే పద్ధతి

పాట రచనలో ఎవరికెంత అనే వాటాల మాట ఎత్తడానికి సరైన సమయం రిహార్సల్ గదిలో పాట ఒక రూపానికి వచ్చిన రోజు సాయంత్రమే. మిక్సింగ్ దాకా ఆగితే ఎవరికి వారు చేసింది కొండంతగా, పక్కవాళ్లు చేసింది గోరంతగా గుర్తుంటుంది. పాట హిట్టయ్యాక మొదలుపెడితే ఇక లాయర్లే తేల్చాలి.

ముందు రెండు ఆస్తులను విడదీసి చూడండి. సాహిత్యం, బాణీ కలిసిన పాట ఒక కాపీరైట్. దాన్ని వాయించి రికార్డు చేసిన మాస్టర్ మరొకటి. పాటకు ఐఎస్‌డబ్ల్యూసీ నంబరు, మాస్టర్‌కు 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ గుర్తింపుగా ఉంటాయి. అదే పాటను స్టూడియోలో ఒకసారి, కచేరీలో ఒకసారి రికార్డు చేస్తే ఐఎస్‌ఆర్‌సీలు రెండవుతాయి, ఐఎస్‌డబ్ల్యూసీ మాత్రం మారదు. డ్రమ్మర్ ఎంత గొప్పగా వాయించినా అది మాస్టర్ వైపు లెక్క. బ్యాండ్లలో సగం గొడవలు ఈ రెండు ఖాతాలనూ కలిపేయడం వల్లే వస్తాయి.

సాహిత్యం, పాడే బాణీ ఎవరివో సాధారణంగా అందరికీ తెలుసు. పేచీ అంతా రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వాయిద్య బాణీ) దగ్గర, సోలో (ఒక్క వాయిద్యమే ముందుకొచ్చి వాయించే ముక్క) దగ్గర. ఒక పరీక్ష పెట్టండి: ఆ ముక్క తీసేసి పియానో మీద ఒక్కరే పాడితే, విన్నవాళ్లు ఇది ఆ పాటేనంటారా? ఏదో వెలితిగా ఉందంటే ఆ ముక్క రచనలో భాగం, దానికి వాటా ఇవ్వాలి. వెలితి తెలియకపోతే అది వాయింపు. ఇది చట్టం పెట్టిన కొలత కాదు గానీ, గదిలో పంచాయితీ తెగడానికి బాగా పనికొస్తుంది.

ప్రోకల్ హారమ్ 1967లో విడుదల చేసిన ‘ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్’ చూడండి. క్రెడిట్ గ్యారీ బ్రూకర్, కీత్ రీడ్‌లకే దక్కింది. పాట మొదట్లో వినిపించే ఆర్గన్ బాణీ మాత్రం మాథ్యూ ఫిషర్‌ది. ఆయన 2005లో కోర్టుకెక్కితే, 2006లో లండన్ హైకోర్టు సంగీతంలో 40 శాతం ఆయనదేనంది. 2009లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్నే ఖాయం చేసింది. అయినా వాటా ఆయన అడిగిన 2005 నుంచే లెక్కకొచ్చింది, అంతకుముందు 38 ఏళ్ల రాయల్టీ పోయినట్టే.

బయటి నుంచి పిలిచిన కళాకారుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’లో ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’కి క్లేర్ టోరీ మాటల్లేకుండా గొంతుతోనే అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడింది. ఇచ్చింది 30 పౌండ్లు. 2004లో ఆమె దావా వేసింది, మరుసటి ఏడాది రాజీ కుదిరింది, ఇప్పుడు రచయితల్లో ఆమె పేరూ ఉంది. ‘మీకు తోచింది పాడండి’ అన్నారంటే బాణీ కట్టమన్నట్టే. అందుకే మైకు ఆన్ చేయకముందే కాగితం మీద సంతకాలు కావాలి: ఫీజుతో సరా, వాటా ఉందా అని.

ఇక పంపకం. క్వీన్ 1989 నుంచి చేసినట్టు అన్నీ బ్యాండ్ పేరు మీదే రాసుకుంటే గొడవే లేదు. రాసేది ఒకరిద్దరే అయితే మాత్రం ఆ పద్ధతి వాళ్లకు లోలోపల మండుతుంది. రెండో దారి, సాహిత్యానికి 50, సంగీతానికి 50 పెట్టి లోపల విడగొట్టడం. ఉదాహరణకు సాహిత్యం మొత్తం గాయకుడిదైతే 50, చరణం బాణీ గిటారిస్టుది 25, రిఫ్ బేసిస్టుది 15, మధ్యలో వచ్చే మలుపు కీబోర్డు వాయించేవారిది 10. ఏమీ రాసుకోకపోతే అమెరికా చట్టం సహరచయితలకు సమాన వాటాలే ఇస్తుంది, ఒక్క లైను రాసినవాళ్లకు కూడా.

ఒక్కో పాటకు ఒక్కో కాగితం. అందులో పాట పేరు, రిహార్సల్‌లో పిలుచుకున్న పేరు, రచయితల అసలు పేర్లు (స్టేజీ పేర్లు కాదు), ఐపీఐ నంబర్లు (రచయితల గుర్తింపు సంఖ్యలు), రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ, పబ్లిషర్ (పాట హక్కుల వ్యవహారం చూసేవారు), శాతాలు, తేదీ, సంతకాలు. ముగ్గురికి 33.33 చొప్పున రాస్తే 99.99 దగ్గర ఆగుతుంది, నమోదు తిరిగొస్తుంది. ఒకరికి 33.34 వేయండి. రచయిత వాటా, పబ్లిషర్ వాటా కలిపి కొన్ని సంస్థలు 100గా, అమెరికా రాయల్టీ సంస్థ బీఎంఐ 200గా లెక్కిస్తాయి, ఫారం నింపేముందు చూసుకోండి. స్టూడియోలో చరణం మారితే కొత్త తేదీతో కొత్త కాగితం రాయండి, పాతది పారేయకండి.

రుజువులు రెండు రకాలు. టేపు పెట్టెలోని ట్రాక్ షీటు మీద 24 గళ్లలో ‘11: ఆర్గన్, రెండో టేక్’ అని ఇంజనీరు చేతిరాత ఉంటుంది. ఏం వాయించారో దాన్నిబట్టి తెలుస్తుంది, ఆ బాణీ ఎవరు కట్టారో తెలియదు. కట్టినది చూపాలంటే తేదీతో దాచిన మొదటి డెమో కావాలి. అది ఫోన్‌లో గరగరలాడుతున్నా సరే, చెరిపేయొద్దు.

పాటల ఎంపికా డబ్బు విషయమే. ఎల్పీ (వినైల్ రికార్డు) ఒక్కో వైపు 22 నిమిషాలు దాటితే శబ్దం పలచబడుతుంది కాబట్టి ఏదో ఒక పాటకు కోత తప్పదు. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 1977 ఆల్బమ్ ‘రూమర్స్’లో స్టీవీ నిక్స్ రాసిన ‘సిల్వర్ స్ప్రింగ్స్’ అలాగే బయటికిపోయి సింగిల్‌కు రెండో వైపున పడింది. కోత పడ్డ పాట రచయితకు ఆల్బమ్ రాయల్టీ ఉండదు. అమెరికాలో 2025కి మెకానికల్ రేటు (పాటను కాపీ చేసినందుకు రచయితకిచ్చే రాయల్టీ), 5 నిమిషాల లోపు పాటకు, కాపీకి 12.7 సెంట్లు. చాలా ఒప్పందాల్లో రికార్డు కంపెనీ ఇచ్చేది అందులో 75 శాతమే, అదీ 10 పాటల వరకే. అంటే ఆల్బమ్‌కు 95.25 సెంట్లు. 12 పాటలు పెడితే అదే మొత్తం 12 ముక్కలై పాటకు 7.94 సెంట్లు పడుతుంది. సంతకం చేసేముందు ఆ 10 అనే అంకె మీద బేరమాడండి.

చివరగా, కవరు మీద పేరు అచ్చయినంత మాత్రాన పైసా రాదు. రాయల్టీ సంస్థలో నమోదైన శాతాలకే చెల్లింపు జరుగుతుంది. కవరు ప్రింటుకు వెళ్లేముందు రెండూ పక్కపక్కన పెట్టి, పేరు స్పెల్లింగుతో సహా పోల్చి చూడండి.