తరగతిలో ప్రశ్న – 3వ పాఠం: రెండు ఓట్ల నడుమ

మీ విద్యార్థులు ఏటా పొరబడే చోటు ఒకటి వెతికి, దాని మీద ఒక ప్రశ్న రాసుకోమని గత పాఠంలో చెప్పాను. ఈసారి ఆ ప్రశ్నను తరగతిలో నడపడం నేర్చుకుందాం: ముందు ఒక ఓటు, తర్వాత పక్కవారితో చర్చ, మళ్లీ ఓటు. రాయడం కంటే ఇదే కష్టం.

నర్సింగ్, ఫార్మసీ మొదటి సంవత్సరం వాళ్లను ఫిజియాలజీలో నేను అడిగే ప్రశ్న చూడండి. ఒక రోగికి లీటరు 0.9 శాతం సెలైన్, మరొకరికి లీటరు 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించారు (సెలైన్ అంటే ఉప్పునీరు, డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజు కలిపిన నీరు). కొన్ని గంటల తర్వాత ఎవరి కణాల లోపలికి ఎక్కువ నీరు చేరుతుంది? ఒకటి, సెలైన్ రోగికి. రెండు, డెక్స్‌ట్రోజ్ రోగికి. మూడు, ఇద్దరికీ సమానంగా. నాలుగు, ఎవరికీ చేరదు.

ముందు ఒక నిమిషం ఎవరికి వారే ఆలోచించి, కారణం ఒక్క వాక్యంలో రాసుకోవాలి. తర్వాత అందరూ ఒకేసారి చేతిని గుండెకు ఆనించి, తాము ఎంచుకున్న జవాబు సంఖ్య ఎంతో అన్ని వేళ్లు చూపాలి. పక్కవారికి కనబడకుండా మీకు మాత్రమే కనబడాలి. లెక్క పైకి చెప్పకండి. ఎక్కువమంది ఎటున్నారో తెలిస్తే మిగిలినవాళ్లూ అటే మొగ్గుతారు, మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

సరైన జవాబు 30 నుంచి 70 శాతం మందికి వస్తే చర్చకు వదలండి. ఈ పద్ధతిని 1991లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతిలో మొదలుపెట్టిన ఎరిక్ మజూర్ బృందం సూచించిన హద్దులివి. అంతకు తక్కువైతే విషయం మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే రెండు మాటల్లో ముగించి ముందుకు సాగాలి.

చర్చకు నాలుగు నిమిషాలు చాలు. ఆ నాలుగు నిమిషాలూ మీరు నోరు విప్పకూడదు. ఒకసారి ఒక అమ్మాయి, "రెండూ ఐసోటానిక్ కదా, నీరు ఎందుకు కదులుతుంది?" అంది. ఐసోటానిక్ అంటే రక్తంతో సమాన గాఢత ఉన్నది. పక్కనున్న అబ్బాయికీ జవాబు తెలియదు, అతనూ నాలుగు వేళ్లే చూపాడు. "మరి ఆ చక్కెర అక్కడే ఉంటుందా?" అని మాత్రం అడిగాడు. ఆమె నోటుబుక్కు అంచున ఒక వృత్తం గీసి, దాని చుట్టూ చుక్కలు పెట్టి, ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయింది. చివరి చుక్క దగ్గర పెన్ను ఆగింది. వెనకే నిలబడి చూస్తున్న నాకు జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు చెప్పేసి ఉంటే ఆమె ఆలోచనను నేను లాక్కున్నట్టే.

జవాబు తెలిసినవారు ఒక్కరూ లేని జట్టులో చర్చ వల్ల ఏం లాభం అని చాలామంది అధ్యాపకులు అడుగుతారు. అది న్యాయమైన సందేహమే. కొలరాడో విశ్వవిద్యాలయంలోని జన్యుశాస్త్రం తరగతిలో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. మొదట ఎవరికీ సరైన జవాబు తెలియని జట్లలో కూడా చర్చ తర్వాత అవగాహన పెరిగింది.

ఇప్పుడు రెండో ఓటు. ఆ తర్వాత కూడా జవాబు వెంటనే చెప్పకండి. అభిప్రాయం మార్చుకున్నవారిని ముందుగా లేపి, ఏ మాట విని మార్చుకున్నారో అడగండి. మీ వివరణ చివరనే రావాలి. సెలైన్‌లోని సోడియం కణాల బయటే ఉండి, నీటిని తనతోనే పట్టి ఉంచుతుంది. గ్లూకోజు కణాల్లోకి వెళ్లి ఖర్చయిపోతుంది. మిగిలిన ఉత్త నీరు ఒళ్లంతా సర్దుకుంటుంది, అందులో దాదాపు మూడింట రెండు వంతులు కణాల లోపలికే చేరుతుంది.

అభ్యాసం: ఈ వారం ఒక్క ప్రశ్న నడపండి. రెండు ఓట్ల లెక్కలూ, చర్చలో మీ చెవిన పడిన ఒక తప్పు వాదాన్నీ విద్యార్థి మాటల్లోనే రాసి పెట్టుకోండి. 4వ పాఠంలో ఆ వాదం నుంచే తర్వాతి ప్రశ్నను తయారుచేద్దాం.