పేరెంట్-చైల్డ్ రికార్డులను ఎస్‌క్యూఎల్‌లో అప్‌డేట్ చేయడం ఎలా?

ఒకే టేబుల్‌లో విభాగాలు, వాటి కింద ఉపవిభాగాలు ఉన్నాయనుకుందాం. ప్రతి రికార్డుకీ ఒక ఐడీ, ఒక పేరెంట్ ఐడీ (దానికి పైనున్న రికార్డు ఐడీ) ఉంటాయి. ఎలక్ట్రానిక్స్ ఐడీ 1, దాని పేరెంట్ ఐడీ నల్, అంటే ఖాళీ. దాని కింద కంప్యూటర్లు 2, వాటి కింద ల్యాప్‌టాప్‌లు 3. ఇప్పుడు 2తో పాటు దాని కిందున్నవన్నీ ఇనాక్టివ్ చేయాలి. పేరెంట్ ఐడీ 2 ఉన్నవాటికి అప్‌డేట్ రాస్తే ఒక్క మెట్టు కిందివే మారతాయి. ఆ కింద ఉన్నవి అలాగే మిగిలిపోతాయి.

1. ముందు సెలెక్ట్ రాయండి

దీనికి రికర్సివ్ క్వెరీ, అంటే తన ఫలితం మీదే మళ్లీ మళ్లీ నడిచే క్వెరీ కావాలి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ 8.0, ఎస్‌క్యూలైట్‌లలో ఇది ‘విత్ రికర్సివ్’తో మొదలవుతుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ‘విత్’ ఒక్కటే చాలు. మొదటి భాగంలో ఐడీ 2 ఉన్న రికార్డు తీసుకోండి. తర్వాత రెండు భాగాలనీ కలిపే యూనియన్ ఆల్. రెండో భాగంలో, అప్పటిదాకా వచ్చిన ఫలితంతో అదే టేబుల్‌ని మళ్లీ జాయిన్ చేయండి: టేబుల్‌లోని పేరెంట్ ఐడీ, ఫలితంలోని ఐడీ ఒకటే కావాలి. కొత్త రికార్డులు రావడం ఆగేదాకా డేటాబేస్ దీన్ని తిప్పుతూ ఉంటుంది. వచ్చిన జాబితాని కళ్లారా చూసుకోండి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి.

2. ట్రాన్సాక్షన్‌లో అప్‌డేట్

ట్రాన్సాక్షన్ (మార్పులన్నిటినీ ఒకేసారి ఖాయం చేసే లేదా రద్దు చేసే వీలు) మొదలుపెట్టి, ఆ జాబితాలో ఉన్న ఐడీలకే అప్‌డేట్ నడపండి. మారిన రికార్డుల సంఖ్య ఇందాకటి లెక్కతో సరిపోతే కమిట్ (ఖాయం), లేకపోతే రోల్‌బ్యాక్ (రద్దు).

3. ఒక కొమ్మని వేరేచోటికి మార్చాలంటే

చూడ్డానికి ఇది చాలా తేలిక. ఒక్క రికార్డులో పేరెంట్ ఐడీ మారిస్తే కిందున్నవన్నీ దాంతోపాటే వస్తాయి. కానీ అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పొరపాటున 2ని 3 కింద పెట్టారనుకోండి. 3కి పేరెంట్ 2, 2కి పేరెంట్ 3. రెండూ 1 నుంచి తెగిపోయి, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఫారిన్ కీ దీన్ని ఆపదు. ఆ ఐడీ టేబుల్‌లో ఉందా లేదా అన్నదే అది చూస్తుంది. ఆ తర్వాత 2 నుంచి మొదలయ్యే రికర్సివ్ క్వెరీకి అంతు ఉండదు. డిఫాల్ట్‌గా ఎస్‌క్యూఎల్ సర్వర్ 100 మెట్ల దగ్గర, మైఎస్‌క్యూఎల్ 1000 దగ్గర ఎర్రర్ ఇచ్చి ఆపేస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో అలాంటి హద్దే లేదు.

అందుకే మార్చేముందు, కదిలించబోయే రికార్డు నుంచి మొదటి అడుగులోని క్వెరీ నడపండి. కొత్త పేరెంట్ ఆ జాబితాలో కనిపిస్తే మార్పు ఒప్పుకోకూడదు.

ఇంతటితో టెన్షన్ తీరదు. ఒకరు ‘అ’ని ‘ఆ’ కిందకి, ఇంకొకరు అదే క్షణంలో ‘ఆ’ని ‘అ’ కిందకి మారుస్తుంటే ఇద్దరి తనిఖీలూ పాసవుతాయి, చక్రం మాత్రం తయారవుతుంది. కాబట్టి తనిఖీ, అప్‌డేట్ రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి. దాని మొదట్లోనే అన్నిటికన్నా పైనున్న రికార్డుని ‘సెలెక్ట్ ఫర్ అప్‌డేట్’తో లాక్ చేయండి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లలో ఇది పనిచేస్తుంది. కొమ్మలు మార్చే ప్రతి కోడూ ఇదే పద్ధతి పాటిస్తేనే రెండోవాళ్లు తమ వంతు వచ్చేదాకా ఆగుతారు.

4. లోతు కాలమ్ ఉంటే

ప్రతి రికార్డూ ఎన్నో మెట్టులో ఉందో లోతు కాలమ్‌లో రాసుకున్నారనుకోండి. లోతు 1లో ఉన్న రికార్డుని లోతు 3లో ఉన్న పేరెంట్ కిందకి మారిస్తే దాని లోతు 4 అవుతుంది, అంటే తేడా 3. కిందున్న రికార్డులన్నిటికీ అదే 3 కలపాలి, అదీ ఆ ట్రాన్సాక్షన్‌లోనే.

క్వెరీ నెమ్మదిగా ఉంటే పేరెంట్ ఐడీ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వాడే సూచిక) ఉందేమో చూడండి. ఫారిన్ కీ పెట్టినంత మాత్రాన పోస్ట్‌గ్రెస్ ఆ ఇండెక్స్ తయారుచేయదు.