బండి ఆయిల్ తాగేస్తుంటే: 100 సీసీ ఇంజన్‌కు బోరు పని

సైలెన్సర్‌లో నీలం పొగ చూడగానే బోరు కొట్టించేయకండి, అంటే సిలిండర్ లోపలి గోడను లేత్ షాపులో కాస్త పెద్దదిగా కోయించేయకండి. ఆయిల్ ఎటు పోతోందో ముందు తేల్చుకోవాలి. ఇక్కడ చెప్పేది స్ప్లెండర్ తరహా 97 సీసీ ఇంజన్ గురించి.

మొదట ఆయిల్ మట్టం. బండిని నిటారుగా నిలబెట్టి, డిప్‌స్టిక్ మర బిగించకుండా ఊరికే దించి చూడాలి. మరీ ఎక్కువ పోసినా బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి వెళ్లి పొగ వస్తుంది.

పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు, లేదా దిగుడులో రైజింగ్ వదిలేసి మళ్లీ ఇచ్చినప్పుడు మాత్రమే గుప్పున పొగ వస్తే వాల్వ్ కాడ దగ్గర ఆయిల్ ఆపే సీళ్లను అనుమానించాలి. వాల్వ్ కాడ ఆడే గొట్టం, అంటే గైడ్‌లో వాల్వ్ ఊగుతుంటే కొత్త సీలు కూడా నిలవదు, గైడ్ మార్చాల్సిందే. లోడ్ మీద లాగేటప్పుడు ఆగకుండా వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు అరిగినట్టు. ప్లగ్గు విప్పి చెంచాడు ఆయిల్ పోసి, ప్లగ్గు బిగించి, ఇగ్నిషన్ ఆపి కిక్కు కొట్టండి. కిక్కు ముందుకన్నా గట్టిపడితే తప్పు రింగుల దగ్గరే.

బోర్ గేజి లేకపోయినా అరుగుదల తెలుస్తుంది. కొత్త టాప్ రింగును బోరులో పెట్టి, పిస్టన్‌తో తిన్నగా నెట్టి, ఫీలర్ గేజితో (సందులు కొలిచే పలచటి రేకులు) రింగు రెండు కొసల మధ్య ఉండే మూతి సందు కొలవండి. రింగు నడిచే చోట పైన ఒకసారి, అరగని కింది అంచు దగ్గర ఒకసారి. రెండు కొలతల తేడాను 3తో భాగిస్తే బోరు ఎంత పెరిగిందో వస్తుంది. పైన మూతి సందు 0.5 మిల్లీమీటర్లు దాటితే కొత్త రింగులు వేసినా డబ్బు దండగే. అయితే ఈ కొలత బోరు కోడిగుడ్డులా అయిందో లేదో చెప్పదు. అది గేజితోనే తేలుతుంది.

బోరు కొట్టించాలంటే 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్ ముందే కొని లేత్ షాపుకు ఇవ్వండి. డబ్బా మీది అంకె కాదు, ఆ పిస్టన్‌నే కొలిచి కొట్టాలి. చివర్లో హోనింగ్ (సానరాళ్లతో బోరు గోడను రుద్దడం) గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపించాలి. నున్నగా మెరిస్తే రింగులు కూర్చోవు.

ఎక్కువ పనులు చెడేది కడగడం దగ్గరే. పెట్రోలుతో కడిగితే రాపిడి పొడి గీతల్లోనే ఉండిపోయి కొత్త రింగులను తినేస్తుంది. వేడి నీళ్లు, సబ్బు, బ్రష్‌తో రుద్దండి. తెల్లగుడ్డకు నల్లమరక అంటనంత వరకూ వదలొద్దు. ఆరగానే ఆయిల్ పూయండి, లేకపోతే తుప్పు పడుతుంది.

రింగుల గుర్తులు పైకి, మూతులు 120 డిగ్రీల ఎడంగా. పిస్టన్ మీది ‘ఇన్’ గుర్తు కార్బురేటర్ వైపు. పిస్టన్ పిన్ను జారిపోకుండా పట్టుకునే సర్‌క్లిప్‌లు కొత్తవే వేయండి. వేసేముందు క్రాంక్‌కేస్ నోటికి గుడ్డ అడ్డం పెట్టండి. క్లిప్ లోపల పడిందంటే ఇంజన్ మొత్తం విప్పాలి.

హెడ్ నట్లను ఎదురెదురుగా, విడతలుగా టార్క్ రెంచ్‌తో బిగించండి. టైమింగ్ గుర్తులు కలిపి, చల్లటి ఇంజన్ మీద ట్యాపెట్ సందు (వాల్వ్‌కు, దాన్ని నొక్కే చేతికి మధ్య ఖాళీ) పెట్టండి. పాత మోడళ్లకు 0.05 మిల్లీమీటర్లు, కొత్తవాటికి మాన్యువల్ చూడండి.

స్టార్ట్ చేశాక గంటల తరబడి ఐడిల్‌లో ఉంచొద్దు. వేగం మారుస్తూ, మధ్యస్థమైన లోడ్‌తో నడిపితేనే రింగులు కూర్చుంటాయి. 300 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, ఆయిల్ వడకట్టే జాలీ కూడా కడగండి.