పాత పియానోకు వెల కట్టడం – 3వ పాఠం: ప్లేటు మీది 1859

ఈసారి సౌండ్‌బోర్డు (తీగల నాదాన్ని పెద్దది చేసే చెక్క పలక) పగుళ్ల గురించి చెప్పాలి. కానీ సీరియల్ నంబరు కనుక్కోమన్న పోయిన పాఠానికి వచ్చిన జవాబులు చూశాక అది వాయిదా వేస్తున్నాను. చాలామంది పియానో తయారైన సంవత్సరం దగ్గరే తప్పారు.

స్టైన్‌వే కంపెనీ గ్రాండ్ పియానోలో తీగలు బిగించే ఇనుప ప్లేటు మీద 1859 ఉంటే అది తయారైన ఏడు కాదు, పేటెంటు తేదీ. బాస్ తీగలను మిగతా తీగల మీదుగా ఏటవాలుగా దాటించే పద్ధతికి హెన్రీ స్టైన్‌వే జూనియర్ ఆ ఏడు పేటెంటు పొందాడు. తర్వాత ఎన్నో ఏళ్ల పాటు ఆ తేదీని పోత పోస్తూనే వచ్చారు. ప్రదర్శనల్లో కంపెనీ గెలిచిన పతకాల గుర్తులూ అంతే. 'ప్యారిస్ 1867' అని ఉంటే పియానో అంతకంటే పాతది కాదని తెలుస్తుంది, ముప్పై ఏళ్ల తర్వాతది కూడా కావచ్చు. పేరు పక్కన 1853 కనిపిస్తే అది కంపెనీ పుట్టిన ఏడు. స్టైన్‌వే, బెక్‌స్టైన్, బ్లూత్నర్ మూడూ ఆ ఏడాదే మొదలయ్యాయి. సీరియల్ నంబరును ఆ కంపెనీ జాబితాతో పోల్చి చూసిందే లెక్క.

సంవత్సరం సరిగ్గా దొరికినా దాన్నిబట్టి వెల పెరగదు. దాదాపు 230 తీగలు కలిపి 18 టన్నుల దాకా లాగుతుంటాయి. ఆ లాగుడును ఎక్కువగా మోసేది ఇనుప ప్లేటే, కానీ తీగల బిగువు నిలిచేది ట్యూనింగ్ పిన్నుల మీద, వాటిని పట్టుకున్న చెక్క పిన్‌బ్లాక్ మీద. చెక్క ఎండి పగిలితే పిన్ను నిలవదు, శ్రుతి చేసిన కొన్నాళ్లకే జారిపోతుంది. అందుకే 'ట్యూన్ చేయిస్తే చాలు' అనే అమ్మకందారు మాట నమ్మొద్దు. పిన్‌బ్లాక్ మార్చాలంటే తీగలన్నీ విప్పి ప్లేటు పైకి లేపాలి. నేనైతే పెట్టె పాలిష్, కొవ్వొత్తి స్టాండ్లు చూడను. ముందు ట్యూనర్‌కు ఫీజు ఇచ్చి పిన్నుల బిగువు చూపిస్తాను.

బాగుచేశాక 4 లక్షలు పలుకుతుందనుకోండి. మరమ్మతు 3.5 లక్షలు, రవాణా 40 వేలు. ఇవాళ దాని వెల 10 వేలే. మరమ్మతు కాస్త పెరిగితే ఉచితంగా ఇచ్చినా నష్టమే.

తెల్ల మెట్ల మీద అడ్డంగా సన్నని అతుకు గీత ఉంటే అవి ఏనుగు దంతం కావచ్చు. మన దేశంలో దంతం వ్యాపారం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధం. బేరానికి ముందే లాయర్‌ను అడగండి.

అభ్యాసం: ప్రతి మెట్టునూ ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కి విన్నది రాసుకోండి. పాత వాటిలో 88కి బదులు 85 మెట్లే ఉండొచ్చు. ట్యూన్ చేయించాక నెల ఆగి, అన్నీ మళ్లీ నొక్కి రెండు కాగితాలూ పంపండి.