ఉన్నంతలో వేడుక, మూడో పాఠం: అంకె చెప్పేయండి, ఆశ్చర్యం దాచుకోండి

కిందటి పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చేశారా? వారం రోజులపాటు మీ తోడు నోటివెంట యథాలాపంగా వచ్చే మాటల్ని ఓ కాగితం మీద రాసుకోమన్నాను. "ఈ దిండు మెడకి పడట్లేదు", "అలా ఓసారి నడిచొద్దామా", "నీ చేతిరాత చూసి ఎన్నాళ్లయిందో" ఇలాంటివన్నమాట. ఏడు రోజుల్లో నాలుగైదైనా దొరికి ఉండాలి. ఒక్కటీ దొరకలేదంటే ఈ పాఠం పక్కన పెట్టి ఇంకో వారం వినండి. తొందరేం లేదు. ఆ కాగితం లేకుండా ముందుకెళ్తే ఇక్కడ చెప్పే లెక్కలు మిగులుతాయి గానీ వేడుక మిగలదు.

ఈసారి నేర్చుకునేవి రెండు పనులు. వేడుక రోజుకి డబ్బు ముందే ఎలా పక్కన పెట్టాలి, ఆ డబ్బులోనే ఒక సాయంత్రాన్ని ఎలా అల్లుకోవాలి.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుతాను. పెళ్లయిన రెండో ఏడు మా ఆయన పుట్టినరోజుకి చేతి గడియారం కొన్నాను, వాయిదాల మీద. సర్‌ప్రైజ్ కదా, ఆయనకి చెప్పలేదు. పెట్టె విప్పగానే మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు ఓ పది సెకన్లు ఉందేమో. తర్వాత మెల్లగా "ఎంతయింది?" అన్నారు. చెప్పాను. "అద్దెకి తీసిపెట్టిన దాంట్లోంచి కాదుగా?" అన్నారు. కాదన్నాను. అది నిజమే, కానీ వాయిదాల సంగతి మింగేశాను. నెల తిరిగేసరికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అది ఆయన కంట్లో పడింది. దాచినందుకు వారం రోజులు ముభావంగా ఉన్నారు. గడియారం మీద మాత్రం ఏ కోపమూ లేదు, ఇప్పటికీ రోజూ అదే పెట్టుకుంటారు.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక నియమం నడుస్తోంది. ఎంత ఖర్చన్నది ఇద్దరికీ తెలియాలి. దేనికి ఖర్చన్నది ఒక్కరికే తెలియాలి. ఈ పాఠమంతా ఈ నియమం చుట్టూనే తిరుగుతుంది.

అంకె ఎలా తేల్చుకోవాలి

అద్దె, తిండి, ఫీజులు, మందులు, పాత అప్పుల వాయిదాలు, కొద్దో గొప్పో పొదుపు, ఇవన్నీ పోగా నెలకి మీ చేతిలో మిగిలేదాన్ని 100 అనుకుందాం. అసలు మొత్తం ఎంతైనా కావచ్చు, దాన్ని 100 భాగాలు చేశామంతే. జీతాన్ని 100 అనుకోకండి. చాలామంది అక్కడే తప్పటడుగు వేస్తారు.

ఇప్పుడు ఏడాదిలో మీ ఇద్దరికీ ముఖ్యమైన రోజులు రాయండి. ఉదాహరణకి పెళ్లిరోజుకి 60, ఇద్దరి పుట్టినరోజులకీ చెరో 40, ప్రేమికుల రోజుకి 20. మొత్తం 160. పన్నెండుతో భాగిస్తే నెలకి 13 పైచిలుకు. నెల మొదట్లోనే ఆ 13 తీసి వేరే కవర్లోనో, వేరే ఖాతాలోనో పెట్టాలి. మిగిలితే పెడదాం అనుకుంటే ఏ నెలా మిగలదు, నాకైతే ఎప్పుడూ మిగల్లేదు.

ఇక్కడో చిక్కుంది. మొదటి ఏడాది ఈ లెక్క పనిచేయదు. మీరు ఈ నెల మొదలుపెట్టారు, పెళ్లిరోజేమో వచ్చే నెలాఖరుకే ఉంది. అప్పటికి కవర్లో ఉండేది రెండు నెలల డబ్బు, అంటే 27. కావలసింది 60. ఇలాంటప్పుడు మిగతా 33 ఎక్కణ్ణుంచైనా తెద్దామనిపిస్తుంది. తేకండి. ఈ ఏడాది పెళ్లిరోజు 27 పెళ్లిరోజు, అంతే. ఆ మాట ముందే అనుకోండి: "ఈసారి మన అంకె 27. వచ్చే ఏడాది 60." అలా అన్నాక ఆ 27లో ఏం చేసినా అవతలివాళ్ల కంటికి చిన్నగా కనిపించదు. చెప్పకుండా చేస్తే మాత్రం కనిపిస్తుంది.

కవర్లో సున్నా ఉందా? అదీ అంకే. "ఈసారి సున్నా" అని పైకి అనేయండి. కిందటి పాఠంలో రాసుకున్న మాటల్లో డబ్బు అక్కర్లేనివి ఒకటో రెండో తప్పకుండా ఉంటాయి. "నడిచొద్దామా" అన్నదానికి ఎంతవుతుంది?

అప్పు లెక్క కూడా ఒకసారి చూసి వదిలేద్దాం. నెలకి 3 శాతం వడ్డీకి 100 అప్పు తెచ్చి కానుక కొన్నారు. నెలకి 5 చొప్పున కట్టుకుంటూ పోతే తీరడానికి 31 నెలలు పడుతుంది, కట్టేది మొత్తం 155. రెండేళ్లు దాటి ఏడు నెలలు. ఈ లోపు అదే వేడుక ఇంకో రెండుసార్లు వచ్చి వెళ్లిపోతుంది, మీరింకా మొదటిదానికే కడుతూ ఉంటారు. నెలకి 10 కట్టగలిగితే ఏడాదిలో తీరుతుంది, 121 దాకా అవుతుంది. కానీ నెలకి 10 కట్టగలిగే స్తోమతే ఉంటే ముందే నెలకి 10 పక్కన పెట్టుకుంటే పది నెలల్లో 100 చేతికి వస్తుంది కదా, వడ్డీ లేకుండా.

కానుక గురించి కొంచెం

ఇక్కడ ఎక్కువసేపు ఆగను. ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ఒక విషయం చూపించారు. ఖరీదు పెరిగేకొద్దీ ఎదుటివాళ్లకి ఎక్కువ నచ్చుతుందని కానుక ఇచ్చేవాళ్లు అనుకుంటారు. పుచ్చుకునేవాళ్లని అడిగితే, వాళ్ల సంతోషానికీ ఖరీదుకీ అలాంటి లంకె కనబడలేదు. ఇంతకీ మీరు ఈ రెండు వైపులా ఉన్నవారే. పుచ్చుకున్నప్పుడు ఖరీదు చూడని మనమే ఇచ్చేటప్పుడు దాని గురించి టెన్షన్ పడతాం.

కాబట్టి కాగితం తీయండి. "దిండు మెడకి పడట్లేదు" అన్న మాటకి దిండే కానుక. నవ్వొస్తుందా? మూడు వారాల కిందట తాను అన్న మాటని, తానే మరిచిపోయిన మాటని, మీరు గుర్తుపెట్టుకున్నారని ఆ దిండు చెబుతుంది. దాంతోపాటు చేత్తో రాసిన నాలుగు వాక్యాలు పెట్టండి. ఆ నాలుగూ ఎలా రాయాలో ఐదో పాఠంలో చూద్దాం, అదో పెద్ద కథ.

పూలు కొంటారా, కొనండి. ఫిబ్రవరి 14న మాత్రం వద్దు. అందరూ ఒకే రోజు కొంటే ధర పెరక్క ఏం చేస్తుంది? రెండు రోజులు వాయిదా వేసుకోండి, ప్రేమేం పాతబడిపోదు. తెచ్చాక కాడల చివర ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. పండ్ల బుట్ట పక్కన పెట్టకండి. పండుతున్న పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి పూలు త్వరగా వాడిపోతాయి.

సాయంత్రాన్ని అల్లడం

డబ్బు లేనివాళ్లం ఒక పొరపాటు చేస్తుంటాం. డబ్బున్నవాళ్ల వేడుకకి చిన్న నకలు తయారు చేయబోతాం. వాళ్లు పెద్ద హోటల్‌కి వెళ్తే మనం చిన్న హోటల్‌కి వెళ్తాం, వాళ్లు పెద్ద కేక్ కోస్తే మనం చిన్న కేక్ కోస్తాం. నకలు ఎప్పుడూ నకలే, ఆ రోజంతా పోలిక వెంటాడుతుంది. దానికి బదులు మామూలు రోజుకి తేడాగా ఉండేది ఏదైనా పట్టుకోండి. తేడాకి డబ్బు అక్కర్లేదు.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం అనుకోకండి. 1993లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు పెళ్లయిన జంటల్ని తీసుకుని పది వారాలపాటు వారానికి గంటన్నర ఏదో ఒకటి కలిసి చేయమన్నారు. కొందరికి హాయిగా అనిపించే పనులు, కొందరికి ఉత్సాహం పుట్టించే పనులు. పది వారాలయ్యాక తమ కాపురం మీద ఎక్కువ తృప్తి కనబరిచింది రెండో రకం వాళ్లు. 2000లో వచ్చిన ఇంకో అధ్యయనంలో ఇంకా తమాషా చేశారు. జంటని మణికట్టు దగ్గరా చీలమండ దగ్గరా కలిపి కట్టి, చేతులు తగలకుండా ఒక దిండుని ఇద్దరి మధ్యా ఇరికించుకుని, నేలమీద పాకుతూ వెళ్లి రమ్మన్నారు. ఏడు నిమిషాల పని. మామూలు పని చేసిన జంటలతో పోలిస్తే వీళ్లకి తమ బంధం ఇంకా బాగుందనిపించింది. మిమ్మల్ని పాకమనడం లేదు (పాకినా తప్పులేదు). ఇద్దరికీ రాని పని ఒకటి ఇద్దరూ కలిసి మొదటిసారి చేయాలి. పాత పాటకి అడుగులు నేర్చుకోవడం, ఎప్పుడూ దిగని స్టాప్‌లో బస్సు దిగి నడుస్తూ ఇంటికి రావడం, ఒకరి బొమ్మ ఒకరు గీయడం. చెడగొట్టినా నవ్వుకునే పని అయితే మరీ మంచిది.

తర్వాత వెలుతురు. ఇంట్లో తెల్లటి దీపాల కాంతి సుమారు 6500 కెల్విన్ (కాంతి రంగుని కొలిచే అంకె, తగ్గేకొద్దీ వెలుతురు పసుపెక్కుతుంది), పగటి ఆకాశంలా ఉంటుంది. కొవ్వొత్తి సుమారు 1900. పెద్ద దీపాలు ఆర్పేసి రెండు కొవ్వొత్తులు పెడితే రోజూ చూసే గదే వేరేగా కనిపిస్తుంది, సర్దని మూలలు చీకట్లో కలిసిపోతాయి కూడా. పరదాలకి దూరంగా పెట్టండి, నిద్రపోయేముందు ఆర్పేయండి.

మేడ మీదికో ఆరుబయటికో వెళ్లే వీలుంటే కొవ్వొత్తి కూడా అక్కర్లేదు. పున్నమి నాడు దాదాపు సూర్యుడు అస్తమించే వేళకే చంద్రుడు ఉదయిస్తాడు. ఆ తర్వాత రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యం. మీ తేదీ పున్నమికి అటూ ఇటూ ఉంటే వేడుకనే పున్నమికి జరపండి. డిసెంబర్‌లో పుట్టినరోజులవాళ్లు అదృష్టవంతులు. 13, 14 తేదీల రాత్రుల్లో జెమినిడ్ ఉల్కాపాతం ఉధృతంగా ఉంటుంది. ఊరి వెలుతురుకి దూరంగా, చంద్రుడు లేని ఆకాశం కింద వెల్లకిలా పడుకుంటే చాలు, ఏ పరికరమూ వద్దు.

మాటలు ఏం మాట్లాడాలి? ఇదీ ప్రశ్నేనా అంటారు గానీ, ఎదురెదురుగా కూర్చుంటే పది నిమిషాల్లో కరెంటు బిల్లు దగ్గరికి వచ్చేస్తాం. అదే ఆరన్ బృందం 1997లో 36 ప్రశ్నల వరస ఒకటి ప్రకటించింది. ముక్కూమొహం తెలియని ఇద్దరు 45 నిమిషాల్లో దగ్గరితనం పొందడానికి తయారుచేసినవవి. తేలిక ప్రశ్నలతో మొదలై క్రమంగా లోతుకి వెళ్తాయి. ఆ క్రమాన్ని మనం అరువు తెచ్చుకోవచ్చు. సొంతంగా ఆరు ప్రశ్నలు రాయండి, మొదటి రెండు తేలికవి, మధ్య రెండు జ్ఞాపకాలవి, చివరి రెండు ఎప్పుడూ అడగడానికి ధైర్యం చాలనివి. డబ్బు గురించి ఒక్కటీ వద్దు. అంకె ముందే తేలిపోయింది కాబట్టి ఆ రాత్రి దాని ఊసు అక్కర్లేదు. ముందే తేల్చుకోమన్నది ఇందుకే.

ఇక ముగింపు. డేనియల్ కానమన్, ఆయన సహచరులు 1993లో ఒక ప్రయోగం చేశారు. ఒక చేతిని 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు పెట్టించారు. రెండో చేతిని అవే 60 సెకన్లు, ఆపైన ఇంకో 30 సెకన్లు. ఆ 30లో నీళ్లని 15 డిగ్రీల దాకా కొంచెం కొంచెంగా వేడెక్కనిచ్చారు. మళ్లీ చేయాల్సి వస్తే ఏది ఎంచుకుంటారంటే ఎక్కువమంది పొడుగుదే కోరుకున్నారు. బాధ ఎక్కువసేపు ఉన్నా చివర కాస్త నయంగా ముగిసింది కాబట్టి. బాధ విషయంలో తేలినదాన్ని నేను వేడుకకి వాడుకుంటున్నాను, పరిశోధకులు క్షమించాలి. మామూలుగా వేడుక సాయంత్రం ఎలా ముగుస్తుంది? బిల్లు చూసుకుంటూనో, గిన్నెలు ఎవరు తోమాలా అనుకుంటూనో. అందుకని అన్నిటికన్నా మంచిదాన్ని చివరికి ఉంచండి. కానుక చివర, చేత్తో రాసిన ఆ నాలుగు వాక్యాల చీటీ చివర. గిన్నెలు పొద్దున్నకి.

ఒక్క మాట మరిచాను. తేదీ, సమయం వారం ముందే చెప్పేయండి. "శనివారం సాయంత్రం ఆరింటికి నువ్వు నాక్కావాలి" అన్నాక వారమంతా ఎదురుచూడటం పైసా ఖర్చు లేకుండా వచ్చే కానుక. ఏం చేయబోతున్నారో ఎంత బతిమాలినా చెప్పకండి.

అభ్యాసం

ఇద్దరూ కలిసి కూర్చుని ఏడాది రోజుల జాబితా, వాటి అంకెలు రాయండి. ఒకరు 60 రాసినచోట ఇంకొకరు 10 రాస్తే చెరిపేయకండి, రెండూ అలాగే ఉంచండి. తర్వాత, ఏ వేడుకా లేని ఒక మామూలు మంగళవారానికి అంకె సున్నా పెట్టుకుని పైన చెప్పినట్టు ఓ సాయంత్రం అల్లి చూడండి. ఒకరి వంతు అయ్యాక ఇంకొకరి వంతు. ఎక్కడ తడబడ్డారో వెంటనే రాసుకోండి.

నాలుగో పాఠానికి వచ్చేటప్పుడు ఆ జాబితా తెచ్చుకోండి. 60కీ 10కీ మధ్య కూర్చుని బేరం ఎలా ఆడాలో అక్కడ మొదలుపెడదాం. మా ఇంట్లో ఆ బేరం మూడేళ్లు నడిచింది.