ఇంగ్లిష్ క్రియలు, 9వ పాఠం: లుక్ ఫార్వర్డ్ టు

పోయిన పాఠంలో 'హోప్ ఫర్' చూశాం. వాన పడుతుందో లేదో తెలియదు, పడితే బాగుండును అనుకునే రైతు మాట అది: 'వుయ్ ఆర్ హోపింగ్ ఫర్ రెయిన్'. ఈసారి 'లుక్ ఫార్వర్డ్ టు'. ఇందులో అనుమానం దాదాపు ఉండదు. ముహూర్తం పెట్టేశారు, టికెట్లు బుక్ అయ్యాయి, ఆ రోజు ఎప్పుడొస్తుందా అని మనసు లాగుతోంది. అప్పుడు 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ద వెడ్డింగ్' అంటాం.

బస్టాపులో నిలబడి బస్సు కోసం చూస్తుంటే మాత్రం ఇది పనికిరాదు. అక్కడ 'వెయిటింగ్ ఫర్ ద బస్' అనాలి. తెలుగులో రెండింటికీ 'ఎదురుచూడటం' సరిపోతుంది కాబట్టి ఇక్కడ కాస్త జాగ్రత్త.

ఇప్పుడు అసలు చిక్కు. ఉద్యోగానికి రాసే ఈమెయిల్లో చివరి వాక్యం చూడండి. చాలామంది 'ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు' అని రాస్తారు. అది తప్పు. 'టు హియరింగ్ ఫ్రమ్ యు' అనాలి. 'వాంట్ టు గో', 'హోప్ టు గో' అని అలవాటైన నోటికి ఇది వింతగానే ఉంటుంది. అనుమానం వస్తే 'టు' తర్వాత ఒక నామవాచకం పెట్టి చూడండి. 'లుక్ ఫార్వర్డ్ టు ద వెడ్డింగ్' నిలబడుతుంది. 'వాంట్ టు ద వెడ్డింగ్' నిలబడదు. నామవాచకం నిలబడే చోట క్రియ పెట్టాలంటే దానికి 'ఇంగ్' తగిలించాల్సిందే. 'లుకింగ్ ఫార్వర్డ్ ఫర్ యువర్ రిప్లై' అనే వాక్యం కూడా మన ఆఫీసుల్లో తెగ తిరుగుతుంది. అక్కడ 'ఫర్' తీసేసి 'టు' పెట్టండి.

ఆఫీసు ఉత్తరానికి 'ఐ లుక్ ఫార్వర్డ్' హుందాగా ఉంటుంది. స్నేహితులకైతే 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్' అనండి, ఆప్యాయంగా వినిపిస్తుంది.

'నాట్' చేరితే అర్థం ఎటు పోతుందో గమనించండి. 'ఐ యామ్ నాట్ లుకింగ్ ఫార్వర్డ్ టు ది ఎగ్జామ్' అంటే పరీక్ష కోసం ఎదురుచూడటం లేదని కాదు, తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉందని. నాకు ఈ వాడుక చాలా ఇష్టం, మాట్లాడేటప్పుడు తప్పక వాడి చూడండి.

ఈ వారం అభ్యాసం: సంక్రాంతికి ఊరెళ్లడం, కొత్త మేనేజర్‌ని కలవడం, పన్ను పీకించుకోవడం. మూడింటికీ ఒక్కో వాక్యం రాయండి, మూడోదానికి 'నాట్' వాడండి. జవాబులు వచ్చే పాఠంలో, 'కౌంట్ ఆన్'తో పాటు.